ఒక స్వెట్టరు, 73,760 కుట్లు: ఊడదీతల డైరీ

స్వెట్టరులో ఇప్పుడున్నవి 52,656 కుట్లు. నా చేతులు అల్లినవి 73,760. మధ్యలో 21,104 ఎటు పోయాయో చెప్పడానికే ఈ డైరీ. మొదటి రోజు నేనెంత హుషారుగా ఉన్నానో మీకు పనికొచ్చే సంగతి కాదు, వదిలేస్తున్నా.

పని ఇదీ: మా ఆయనకి మెడ దగ్గర మొదలై కిందికి దిగే రాగ్లాన్ స్వెట్టరు. మెడ నుంచి చంకలకి నాలుగు ఏటవాలు గీతలు దిగుతాయి. ఆ గీతల పక్కనే కుట్లు పెంచుకుంటూ పోవాలి. కుట్టి అతికే పని దాదాపు ఉండదు. ఎక్కడైనా ఆపి తొడిగి చూసుకోవచ్చు. ఇంత సులువని చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు, సగం చెప్పారంతే.

సరంజామా

- సూపర్‌వాష్ ఊలు (మిషన్లో ఉతికినా కుంచించుకోనిది), డీకే మందం (మరీ సన్నం కాదు, మరీ లావు కాదు), 100 గ్రాముల చిలపలు 6. చిలపకి 200 మీటర్లు, మొత్తం 1,200.
- 4 మి.మీ. సర్క్యులర్ సూదులు (రెండు మొనల మధ్య తీగ ఉండి, చుట్టుగా అల్లడానికి పనికొచ్చేవి): 40 సెం.మీ. ఒకటి, 80 సెం.మీ. ఒకటి. రిబ్ (అంచుల్లో వేసే సాగే అల్లిక) కోసం అవే పొడవుల్లో 3.5 మి.మీ.
- మార్కర్లు (సూది మీద చోటు గుర్తుకి వేసుకునే రింగులు), మొద్దు సూది, వేరే రంగు దారం, పళ్ల మధ్య శుభ్రం చేసుకునే ఫ్లాస్.
- గ్రాముల్లో చూపించే వంటింటి త్రాసు.
- స్టీలు స్కేలు. నా పాత గుడ్డ టేపు సాగిపోయి, 101.5 సెంటీమీటర్లని 100 అని చూపిస్తోంది. ఇన్నేళ్లుగా అది చెప్పిన నా నడుం కొలత గురించి ఇప్పుడు ఆలోచించదలచుకోలేదు.

ఘట్టం 1: కొలతలు

మనిషిని కొలవకండి. టేపు చూడగానే మా ఆయన గ్రూపు ఫొటోకి నిలబడ్డట్టు ఛాతీ విరుచుకుని నిలబడ్డారు. 106 వచ్చింది. "ఊపిరి వదలండి" అన్నాను. "వదిలాను" అన్నారు, వదలకుండానే. రెండోసారి 101, మూడోసారి 98. ఒక్క ఛాతీకి మూడు కొలతలు, మూడూ మా ఇంట్లోనే.

చివరికి ఆయన వారంలో నాలుగు రోజులు వదలకుండా వేసుకునే పాత స్వెట్‌షర్టుని నేలమీద పరిచి, చంక కింద ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచాను. 54 సెం.మీ., చుట్టుకొలత 108. బట్ట ఊపిరి బిగబట్టదు.

తరవాత నమూనా ముక్క. అసలు తప్పులకి పునాది పడింది ఇక్కడే.

మొదట 12 కుట్లు వేసి 15 వరసలు అల్లాను. 5 సెంటీమీటర్లకి 11 కుట్లు వచ్చాయి. "10 సెంటీమీటర్లకి 22, అయిపోయింది" అనుకున్నాను. ఇంత చిన్న ముక్క రెండు విధాలుగా మోసం చేస్తుంది. అంచులు ముడుచుకుంటాయి కాబట్టి కొలవడానికి తిన్నని చోటు దొరకదు. పైగా 5 సెంటీమీటర్లలో అరకుట్టు లెక్క తప్పితే, 108 సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు 11 కుట్లవుతుంది. అంటే 5 సెం.మీ. తేడా.

రెండో ముక్క ఇలా చేశాను, మీరూ ఇలాగే చెయ్యండి:

1. 36 కుట్లు, 45 వరసలు. రెండు పక్కలా మూడేసి కుట్లు గార్టర్ (అడ్డగీతలుగా వచ్చే అల్లిక), అంచు ముడుచుకోకుండా.
2. ఉతక్కముందు, మధ్యలో కొలవాలి: 10 సెంటీమీటర్లకి 22 కుట్లు, 30 వరసలు.
3. స్వెట్టరుని ఎలా ఉతకబోతున్నారో అలాగే ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలవాలి: 21 కుట్లు, 27 వరసలు.

లెక్కకి పనికొచ్చేది మూడో అంకెలో తేలిన కొలతే. 22 నమ్ముకుని 238 కుట్లతో దిగి ఉంటే మొదటి ఉతుకుతోనే చుట్టుకొలత 113 దాటేది.

ఇంకొకటి. ఊలు మీద రెండు గుర్తులు పెట్టి, 20 కుట్లు అల్లి, విప్పి కొలిచాను: 41 సెం.మీ. కుట్టుకి 2.05 సెంటీమీటర్ల ఊలు. మొత్తం సరిపోతుందో లేదో ముందే తెలుసుకోవడానికి ఇదో దారి.

ఘట్టం 2: లెక్క, మెడ

1. ఒళ్లు: 108 × 2.1 = 226.8. అంచున 2×2 రిబ్ (రెండు నున్నటి నిట్ కుట్లు, రెండు తిరగేసిన పర్ల్ కుట్లు) కాబట్టి నాలుగుతో తెగాలి. 228.
2. మెడ: అల్లికలో పెద్ద పేరున్న ఎలిజబెత్ జిమ్మర్‌మన్ శాతాల లెక్క ఒకటుంది. ఒంటి కుట్లు 100 అనుకుంటే మెడకి 40, మణికట్టుకి 20. మెడకి 91.2 వచ్చింది. 92 తీసుకున్నాను.
3. మణికట్టు: 45.6. నాలుగుతో తెగాలి కాబట్టి 48.
4. పై చెయ్యి: ఆ లెక్కలో మూడో వంతు, 76. మా ఆయన స్వెట్‌షర్టు చెయ్యి 38 సెం.మీ. ఉంది, అందుకని 80.
5. చంకల కింద చెరో 10 కొత్త కుట్లు వస్తాయి. అవి తీసేస్తే ముందు 104, వెనక 104, చేతులకి 70, 70. మొత్తం 348.
6. 348 నుంచి 92 పోతే 256. పెంపు చుట్టుకి 8 చొప్పున 32 పెంపులు. ఒకటి పెంపు, ఒకటి మామూలు, వెరసి 64 చుట్లు, 23.7 సెం.మీ. లోతు.
7. మొదటి 92 పంపకం: ముందు 40, వెనక 40, చేతులకి ఆరేసి.

కాగితం మీద అన్నీ కుదిరాయి. కాగితానికి మెలికలు పడవు కదా.

మొదటి ప్రయత్నం: 92 కుట్లు ఎక్కించి, చుట్టుగా కలిపి, 5 చుట్లు అల్లాక చూస్తే మెడ గుండ్రంగా లేదు, ఎనిమిది అంకెలా ఉంది. కలిపేటప్పుడు కుట్లు సూది చుట్టూ ఒక మెలిక తిరిగాయి. దీనికి దగ్గరి చుట్టం, అర మెలికతో కలిపిన పట్టీ; దాన్ని మోబియస్ అనే గణితవేత్త 1858లో వర్ణించాడు. దానికి లోపలివైపు, బయటివైపు అంటూ వేరే ఉండవు. గణితానికి గొప్ప సంగతే కానీ మెడకి పనికిరాదు. మెలికని మధ్యలో సరిచేసే దారి లేదు. 460 కుట్లు ఊడదీశాను.

ఏం మార్చాను: మొదటి వరస చుట్టుగా కలపకుండా అటూ ఇటూ అల్లాను. అంచు పట్టీలా తిన్నగా నిలబడ్డాక, మెలిక లేదని కళ్లారా చూసి కలిపాను. అడుగున మిగిలే చిన్న సందుని ఊలు తోకతో చివర్లో మూసెయ్యొచ్చు.

రెండో ప్రయత్నం: 8 చుట్ల రిబ్ పూర్తి. కుట్లన్నీ వేరే దారం మీదికి దింపి మా ఆయన తలకి పెట్టాను. కనుబొమ్మల దగ్గర ఆగిపోయింది. ఆయన తల 58 సెం.మీ., నా అంచు ఎంత లాగినా 51. "నుదుటిపట్టీగా బాగుంది" అన్నారు, చిన్నబుచ్చకూడదని. ఇంకో 736.

ఏం మార్చాను: కుట్లు ఎక్కించడానికి లావు సూది వాడమని చాలామంది చెబుతారు. దానివల్ల కుట్లే పెద్దవవుతాయి, కిందున్న అంచు మాత్రం బిగుతుగానే ఉండిపోతుంది. సాగాల్సింది ఆ అంచు. అదే సూది వాడి, ఒక్కో కుట్టు మధ్య 3 మి.మీ. ఎడం వదిలాను. ఈసారి అంచు 64 దాకా సాగింది. తల దిగింది, చెవులతో సహా.

మొత్తాలు: అల్లినవి 1,932. ఊడదీసినవి 1,196. నిలిచినవి 736.

ఘట్టం 3: భుజాలు, ఒక ఫోను

మెడ వెనక భాగం ముందుకంటే కాస్త ఎత్తుండాలి. లేకపోతే స్వెట్టరు గొంతు పట్టుకుంటుంది. అందుకని వెనకవైపు మాత్రమే అటూ ఇటూ 6 పొట్టి వరసలు వేశాను: 40, 44, 48, 52, 56, 60 కుట్లు. 300 కుట్లతో 2 సెం.మీ. ఎత్తు వచ్చింది. మలుపు దగ్గర మొదటి కుట్టుని అల్లకుండా జరిపి, ఊలుని పైకి లాగి రెండు కాళ్ల కుట్టుగా చేసి, తరవాతి వరసలో ఆ రెండు కాళ్లూ కలిపి అల్లితే సందు కనపడదు. ఈ ఒక్క పనీ మొదటిసారే కుదిరింది.

16 పెంపులయ్యాక, 32వ చుట్టు కుట్లన్నిట్లోంచీ ఫ్లాస్ దూర్చి వదిలేశాను. దీన్నే లైఫ్‌లైన్ అంటారు. పైన ఏం జరిగినా అక్కడిదాకా ఊడదీసి, కుట్లు జారిపోకుండా మళ్లీ సూదికెక్కించుకోవచ్చు. ఊలు దారమైతే సూది మొన దాన్ని కూడా చీల్చి కలిపేసుకుంటుంది, ఫ్లాస్ నున్నగా ఉంటుంది.

ఫ్లాస్ దూర్చిన పది నిమిషాలకి పిన్ని ఫోను చేసింది.

పిన్నికి మోకాలు నొప్పి. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించి అల్లుతూనే విన్నాను. పెంపు చుట్టులో పైకి లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు.

"డాక్టరు ఎన్నాళ్లు మెట్లెక్కొద్దన్నాడో తెలుసా?"

"ఎనభై నాలుగు."

"ఎనభై నాలుగేమిటే! నాతో పది రోజులే అన్నాడు!"

"పదే పిన్నీ, పదే. నేనేదో లెక్కపెట్టుకుంటున్నా."

"నిజం చెప్పు. నీతో విడిగా మాట్లాడాడా?"

మోకాలికి మరే ప్రమాదమూ లేదని ఆవిడని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. ఆ సేపంతా నా వేళ్లు ఆగలేదు. ఫోన్ పెట్టేసి 22వ పెంపు దగ్గర లెక్క చూసుకున్నాను. ఉండాల్సినవి: ముందు 84, వెనక 84, చేతులు 50, 50. ఉన్నవి: 84, 82, 51, 50. వెనకభాగంలో ఒక చోట రెండు పెంపులు మానేశాను. ఎడమ చేతికి అడక్కుండానే ఒక కుట్టు దానం చేశాను. తప్పు 18వ పెంపులోనే మొదలైంది.

ఒకటి రెండు కుట్లయితే ఆ నిలువు గీత ఒక్కటే దింపి, క్రోషే కొక్కెంతో పైకి ఎక్కించుకోవచ్చు. పెంపులే తప్పితే ఏటవాలు గీత పక్కకి జరిగిపోతుంది, అతుకులు చెల్లవు. లైఫ్‌లైన్ దాకా 12 చుట్లు, 2,976 కుట్లు. నా వేగం నిమిషానికి 24 (పది నిమిషాలు గడియారం పెట్టి లెక్కేశాను). రెండు గంటల నాలుగు నిమిషాల పని ఊలు ముద్దై ఒళ్లో పడింది.

ఏం మార్చాను:

1. నాలుగు గీతలకీ నాలుగు రంగుల మార్కర్లు. అన్నీ ఒకే రంగైతే ఎక్కడున్నామో తెలీదు.
2. ప్రతి పెంపు చుట్టు చివర నాలుగు భాగాల అంకెలూ కాగితం మీద. బుర్రలో కాదు.
3. 8 పెంపులకోసారి కొత్త లైఫ్‌లైన్.
4. పిన్ని ఫోను చేస్తే రిబ్ లేని, పెంపు లేని చోట మాత్రమే ఎత్తాలి.

రెండోసారి అల్లుతుంటే 39వ చుట్టులో ఫోను మోగింది. నాలుగో నియమం ప్రకారం ఎత్తలేదు.

మొత్తాలు: అల్లినవి 19,544. ఊడదీసినవి 4,172. నిలిచినవి 15,372.

ఘట్టం 4: ఒళ్లు

చేతుల 70, 70 కుట్లు వేరే దారం మీద పెట్టి, చంకల కింద పదేసి చేర్చి, 228తో చుట్లు. ఇక్కడ నెలల తరబడి రాయడానికేమీ ఉండదు. గుండ్రంగా నిట్, నిట్, నిట్. ఇంట్లో ఎవరేం అడిగినా "ఈ చుట్టయ్యాక" అన్నదే నా జవాబు. ఒక చుట్టు తొమ్మిదిన్నర నిమిషాలు. మా అమ్మాయి దాన్ని గడియారంలా వాడుకుంది. "అమ్మా, రెండు చుట్లలో వస్తా" అని వెళ్లేది.

ఒక్క దెబ్బ తగిలింది. చంక కింద 14 చుట్లయ్యాక పగటి వెలుతురులో చూస్తే, కొత్త చిలప మొదలైన చోటు నుంచి రంగు ఒక పిసరు ముదురు. చీటీలు తీసి చూశాను. నాలుగు చిలపలది ఒక డై లాటు నంబరు, రెండింటిది ఇంకొకటి. ఒకే రంగు పేరున్నా ఒక్కో తొట్టిలో అద్దకం ఒక్కోలా వస్తుంది. రాత్రి దీపం కింద నాకది కనపడలేదు. 14 × 228 = 3,192 పోయాయి.

ఏం మార్చాను: రెండు లాట్ల చిలపలూ ఒకేసారి పెట్టుకుని, రెండు చుట్లు దీనితో, రెండు చుట్లు దానితో. తేడా పరుచుకుపోయి కంటికి ఆనదు. మారే చోట ఊలు బిగించి లాగకండి, నిలువునా ముడత పడుతుంది. చేతుల కోసం కూడా రెండు రకాలూ మిగిలేలా ముందే తూచి పక్కన పెట్టాను.

92 చుట్లు నిట్, 16 చుట్లు రిబ్. చంక నుంచి అంచుకి 40 సెం.మీ.

మొత్తాలు: అల్లినవి 47,360. ఊడదీసినవి 7,364. నిలిచినవి 39,996. ఆ రాత్రి ఇంకో నాలుగు కుట్లు అల్లేసి 40,000 చేద్దామా అనిపించింది.

ఘట్టం 5: మూడు చేతులు

మా ఆయనకి చేతులు రెండే. నేను మూడు అల్లాను.

చేతికి: 80 కుట్లతో మొదలు. ప్రతి ఆరో చుట్టులో రెండు తగ్గింపులు, అలా 16 సార్లు. 48 దగ్గర 12 చుట్లు తిన్నగా, 16 చుట్లు రిబ్. 124 చుట్లు, 7,584 కుట్లు, 46 సెం.మీ. రావాలి.

కుడి చెయ్యి ఆఫీసు ఆన్‌లైన్ మీటింగుల్లో అల్లాను, కెమెరా ఆపేసి. ఆ వారమంతా ఒకే చర్చ: పని ఎందుకు ఆలస్యమైంది, ఎవరివల్ల. ఎడమ చెయ్యి సెలవురోజుల్లో, కాళ్లు చాపుకుని. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే కుడిది 43, ఎడమది 46. చుట్లు రెండింటికీ 124. మూడుసార్లు లెక్కపెట్టాను.

తేడా చుట్లలో లేదు. కుడి చేతికి 10 సెంటీమీటర్లకి 29 వరసలొచ్చాయి, ఎడమదానికి 27. ఎవరి తప్పు అని మీటింగులో అడిగినప్పుడల్లా నేను ఊలు బిగించాను. ఏ రోజు ఎంత కోపం వచ్చిందో ఆ చేతి మీద చదవొచ్చు. మోచేతి దగ్గర ఒక పట్టీ మరీ గట్టిగా ఉంది, అది మంగళవారం.

"ఆరబెట్టేటప్పుడు లాగితే సరిపోదూ?" అన్నారు మా ఆయన. కొంత సాగుతుంది, నిజమే. కానీ పొడవు లాగితే వెడల్పు తగ్గుతుంది, ఉతికిన ప్రతిసారీ మళ్లీ దాని దారిన అది పోతుంది. ఊడదీశాను. 7,584. ఇప్పటిదాకా ఇదే పెద్ద నష్టం.

ఊడదీసిన ఊలు ఉంగరాల జుట్టులా ఉంటుంది. దాన్ని అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. కాబట్టి:

1. కుర్చీ వీపుకి చుట్టి చిలప చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టాలి.
2. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కాలి.
3. వేలాడదీసి పూర్తిగా ఆరాక ఉండ చుట్టాలి. ముడతలు పోతాయి.

మూడో చెయ్యి మీటింగులు లేని వేళల్లోనే అల్లాను, 45.5 వచ్చింది. ఇంకోసారైతే పొడుగు సర్క్యులర్ సూది మీద రెండు చేతులూ పక్కపక్కన ఒకేసారి అల్లుతాను. అప్పుడు కోపం వచ్చినా రెండింటికీ సమానంగా పంచుతాం.

మొత్తాలు: అల్లినవి 70,112. ఊడదీసినవి 14,948. నిలిచినవి 55,164.

ఘట్టం 6: ఉతుకు

అయిపోయిందనుకున్నాను. తోకలన్నీ లోపలికి దాచి, నానబెట్టి, నీళ్లలోంచి ఎత్తాను. స్వెట్టరు తలుపుకి వేలాడే పరదాలా సాగింది. పరిచి ఆరబెట్టాక కొలిస్తే చుట్టుకొలత 106, చేతులు 47, ఒళ్లు 44. నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ.

నమూనా ముక్క ఉతికాను కదా, మరి ఎందుకిలా? ఊలు వెంట్రుక మీద పొలుసులుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్లే మామూలు ఊలు వేడినీళ్లలో నలిగితే గట్టిపడి కుంచించుకుపోతుంది. సూపర్‌వాష్ చేసేటప్పుడు ఆ పొలుసులని క్లోరిన్‌తో అరగదీసి, పైన సన్నటి పూత పూస్తారు. మిషన్లో వేసినా కుంచించుకోదు, నిజమే. కానీ పట్టూ పోతుంది, తడిబరువుకి కుట్లు జారి సాగుతాయి. నా నమూనా ముక్క బరువు 20 గ్రాములు లేదు. స్వెట్టరు అరకిలో దాటింది, నీళ్ల బరువు అదనం. ముక్క చెప్పింది నిజమే, తన బరువు మేరకి. సూపర్‌వాష్ వాడేవాళ్లు ముక్కని తడిగా ఉండగానే క్లిప్పులు తగిలించి కాసేపు వేలాడదీసి, ఆరాక కొలవండి. అలాగే నీళ్లలోంచి తీసేటప్పుడు భుజాలు పట్టుకుని ఎత్తకండి. ముద్దగా రెండు చేతుల మీదా ఎత్తండి.

పైనుంచి కిందికి అల్లినందుకు ఇక్కడ మేలు జరిగింది. అడుగు అంచు విప్పి, రిబ్ 16 చుట్లూ, దాని పైన 11 చుట్లూ తీసేశాను: 6,156. రిబ్ మళ్లీ 16 చుట్లు: 3,648. మళ్లీ ఉతికి చూస్తే 39.5. చేతులు అలాగే వదిలేశాను, ఒక సెంటీమీటరు మణికట్టు మీదికి దిగితే ఎవరూ చచ్చిపోరు.

చివరి మొత్తాలు: అల్లినవి 73,760. ఊడదీసినవి 21,104. నిలిచినవి 52,656. మిగిలిన ఊలు 38 గ్రాములు, అంటే 76 మీటర్లు. అల్లిన సమయం 51 గంటల పైచిలుకు, అందులో ఊడదీతల వాటా 14 గంటల 39 నిమిషాలు. లెక్కపెట్టుకోవడానికి పట్టిన సమయం ఇందులో లేదు, తలపట్టుకుని కూర్చున్నదీ లేదు.

ఘట్టం 7: 39వ చుట్టు

స్వెట్టరు తొడుక్కుని తిరుగుతున్న మా ఆయనని మొదట చూసిన బయటి మనిషి పిన్నే. మోకాలు తగ్గింది, మెట్లెక్కి వచ్చింది. ఛాతీ మీద ఎడమపక్క వేలు పెట్టి, "బాబూ, కాస్త ఆగు. ఏమే, ఇక్కడ ఒక కుట్టు తిరగబడిందేం?" అంది.

నున్నటి నిట్ మధ్యలో ఒకే ఒక్క పర్ల్, ఆవగింజలా పొడుచుకొచ్చి ఉంది. మెడ నుంచి చుట్లు లెక్కపెట్టాను. 39. ఫోను మోగితే ఎత్తని చుట్టు.

"అల్లికలో ఉంటే నీ ఫోన్ ఎత్తకూడదని పెట్టుకున్నా పిన్నీ."

"అందుకే, ఎత్తితే సరిపోయేది" అంది.

దీనికి ఊడదీయక్కర్లేదు. మొద్దు సూదిలో జానెడు ఊలు ఎక్కించి, పక్క కుట్టు దారి చూసుకుంటూ పర్ల్ మీద నిట్ కుట్టు ఆకారం కప్పేసి, చివర్లు వెనక దాచితే చాలు. దీన్నే డూప్లికేట్ కుట్టు అంటారు. మా ఆయన విప్పకుండానే, నిలబెట్టి కుట్టాను. ఊపిరి బిగబట్టారు.